బీచ్ రోడ్డు కన్నా ముందు పెందుర్తికి ట్రామ్ వేయండి: విశాఖ రవాణా ప్రణాళిక చూస్తున్నవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ అధికారులకు, విశాఖ మెట్రో, ట్రామ్ పనులు చూస్తున్న ఇంజనీర్లకు, మా ఎమ్మెల్యేలకు, కార్పొరేటర్లకు,

నమస్కారం.

ట్రామ్ (రోడ్డు మీదే వేసిన పట్టాలపై నడిచే కరెంటు బండి) మార్గం గురించి పెందుర్తి రోడ్డు మీది మా కాలనీల తరఫున ఒక వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నారు, ముద్ర వేసి నకలు చేతికిచ్చారు. ఆ తర్వాత వెళ్లి అడిగిన ప్రతిసారీ "పైకి పంపాం" అన్న మాటే వచ్చింది. ఆ కాగితాన్ని ఎవరైనా చదివారో లేదో చెప్పిన మనిషి లేడు. అందుకే అదే విషయాన్ని ఇంకొంచెం వివరంగా అందరి ముందూ పెడుతున్నాం.

విశాఖకు లైట్ మెట్రోతో పాటు దాదాపు 60 కిలోమీటర్ల మోడరన్ ట్రామ్ వేయాలన్న ప్రతిపాదన 2020లోనే బయటికొచ్చింది. అందులో మూడు దారులున్నాయి. ఎన్ఏడీ కొత్తరోడ్డు కూడలి నుంచి పెందుర్తి దాకా సుమారు 10 కిలోమీటర్లు. స్టీల్ ప్లాంట్ నుంచి అనకాపల్లి దాకా సుమారు 18. పాత పోస్టాఫీసు నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా సుమారు 32. ఆ తర్వాత మాటంతా మెట్రో మీదికే వెళ్లింది. మొదటి దశలో 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు అని లెక్కలొచ్చాయి. ట్రామ్ ఊసు మాత్రం అప్పుడప్పుడే వినిపిస్తోంది. వినిపించినప్పుడల్లా బొమ్మల్లో కనపడేది సముద్రం పక్కన వెళ్లే తెల్లటి ట్రామే. పెందుర్తి దారి బొమ్మ ఎక్కడా చూడలేదు.

బీచ్ రోడ్డు మీద మాకు కోపం లేదు, అది మాదీ కూడా. కానీ మూడు దారులూ ఒకేసారి వేసేంత డబ్బు ప్రభుత్వం దగ్గర లేదని అందరికీ తెలుసు. ముందు ఏది వేయాలన్నదే ప్రశ్న. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పెందుర్తే ముందుండాలని మా గట్టి అభిప్రాయం. కారణాలు చెబుతాం.

1. రోజూ ఎక్కేది ఎవరు?

సాయంత్రం ఆరు దాటాక గోపాలపట్నం పెట్రోల్ బంక్ స్టాప్‌లో ఒక అరగంట నిలబడండి. కొత్తవలస వెళ్లే 28కె బస్సు వస్తుంది. అప్పటికే ఫుట్‌బోర్డు నిండి ఉంటుంది కాబట్టి స్టాప్‌లో ఆగదు, ముందుకెళ్లి ఆగుతుంది. జనం పరిగెత్తుతారు. చంకలో బిడ్డ ఉన్న ఆవిడ పరిగెత్తలేదు. కూరగాయల గంప అమ్ముకుని ఖాళీ బుట్టతో తిరిగి వెళ్లే పెద్దావిడ కూడా పరిగెత్తలేదు. వాళ్లిద్దరూ సర్వీస్ ఆటో ఎక్కుతారు. ఆ ఆటోలో డ్రైవరుకు అటొకరు, ఇటొకరు కూర్చుంటారు, వెనక ఎంతమంది పడితే అంతమంది. వేపగుంట చేరేసరికి బస్సు చార్జీకి మించి పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు స్త్రీ శక్తి పథకంలో ఉచిత ప్రయాణం వచ్చింది, చాలా మంచి పని. అయితే బస్సులో కాలు పెట్టే చోటు దొరికితేనే ఆ ఉచితం అందుతుంది. దొరకని రోజు ఆవిడ ఆటోకి డబ్బులిచ్చే వెళ్తోంది.

గోపాలపట్నం, నాయుడుతోట, వేపగుంట, చినముషిడివాడ, సుజాతానగర్, పెందుర్తి. ఈ వరుసంతా ఒకప్పుడు ఊరి శివారు, ఇప్పుడు ఊరే. నగరం నడిబొడ్డున అద్దె కట్టలేనివాళ్లు, ప్రైవేటు కంపెనీల్లో చిన్న ఉద్యోగాలవాళ్లు, రిటైరై చిన్న ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు ఇటే వచ్చారు. పెందుర్తి దాటి సబ్బవరం, కొత్తవలస వైపు నుంచి వచ్చేవాళ్లూ ఈ రోడ్డు మీదుగానే నగరంలోకి దిగాలి. కేజీహెచ్ పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ దొరకాలంటే పొద్దున్నే చేరాలి. బస్సు తప్పిపోయి లేటైతే ఆ రోజు కూలీ పోతుంది, డాక్టరు కూడా దొరకడు. మళ్లీ మర్నాడు రావాలి.

భీమిలి వైపు ప్రయాణికులు లేరని అనడం లేదు. రుషికొండ ఐటీ కొండ మీద పనిచేసేవాళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు, 900కె బస్సు నిండే వేళలూ ఉన్నాయి. కానీ ఆ రోడ్డు మీద జనం ఎక్కువగా పోగయ్యేది సెలవు రోజుల్లో, సాయంత్రాల్లో. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఏ రోడ్డు మీద ఎంతమంది నిలబడుతున్నారో లెక్కపెట్టించండి. మేం చెప్పేదాంట్లో నిజమెంతో అక్కడే తేలుతుంది.

2. మెట్రోకి జనాన్ని తెచ్చేది ఏ దారి?

మెట్రో మొదటి కారిడార్ స్టీల్ ప్లాంట్ దగ్గర మొదలై గాజువాక, ఎన్ఏడీ, తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం మీదుగా కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు. అంటే ఎన్ఏడీలో మెట్రో ఉంటుంది. పెందుర్తి ట్రామ్ సరిగ్గా అక్కడికే వచ్చి ఆగుతుంది. పెందుర్తిలో ట్రామ్ ఎక్కినవాళ్లు ఎన్ఏడీలో మెట్రో మారి గాజువాక వైపైనా, మద్దిలపాలెం వైపైనా వెళ్లొచ్చు. గంటకు సగటున 20 కిలోమీటర్ల వేగం అనుకున్నా 10 కిలోమీటర్లకు అరగంట. ఆ అరగంట వానాకాలమైనా, పెళ్లిళ్ల సీజనైనా అరగంటే. ఇప్పుడు అదే దూరానికి ఎంత పడుతుందో ఏ రోజుకారోజు చూసుకోవాల్సిందే.

కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో రైల్ పాలసీ ఏం చెబుతోందో మీకు మేం చెప్పాల్సిన పని లేదు. స్టేషన్‌కు అటూ ఇటూ అయిదు కిలోమీటర్ల లోపు జనాన్ని స్టేషన్‌కు చేరవేసే ఫీడర్ ఏర్పాట్లు ప్రాజెక్టులోనే ఉండాలంది. వేరే మార్గాలతో, వేరే వాహనాలతో పోల్చి చూసిన విశ్లేషణ కూడా తప్పనిసరి అంది. వేల కోట్లు పోసి ఎన్ఏడీలో స్టేషన్ కట్టి, దానికి పెందుర్తి వైపు నుంచి జనాన్ని తెచ్చే ఏర్పాటు చేయకపోతే ఆ స్టేషన్ కిందే మళ్లీ ఆటోలు బారులు తీరతాయి. ఎన్ఏడీ ఫ్లైఓవర్ కట్టిన తర్వాత కింద నడిచేవాళ్ల కష్టం ఎలా ఉందో ఒకసారి దిగి చూడండి. మెట్రో, ట్రామ్ కలిసే చోటు ఆ కూడలిలో ఎక్కడ పెడతారన్నది ఇప్పుడే తేల్చాలి. మెట్రో స్తంభాలు లేచాక ట్రామ్‌కి చోటు వెతకడం కుదరదు.

3. రోడ్డు కోసం మేం ఇవ్వాల్సింది ఇచ్చేశాం.

కేంద్రం నగరాల కోసం పెట్టిన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం నిధులతో బీఆర్‌టీఎస్ (బస్సులకు విడి దారి ఇచ్చే ప్రాజెక్టు) వచ్చినప్పుడు పెందుర్తి కారిడార్ కోసం ఈ రోడ్డును వెడల్పు చేశారు. ఇళ్ల ముందు గోడలు, షాపుల ముందు భాగాలు పోయాయి. మధ్యలో బస్సులకు విడిగా దారి, ఆ దారిలో బస్సు ఆగకుండా దూసుకెళ్తుంది అన్నారు. జనం నమ్మి ఓర్చుకున్నారు. దుమ్ములో ఏళ్ల తరబడి వ్యాపారం పోగొట్టుకున్న చిన్న షాపులవాళ్లు మా చుట్టూనే ఉన్నారు. చివరికి బస్సులకు అనుకున్న పద్ధతిలో ఆ దారి దక్కనే లేదు. నగరంలో ఒక రోడ్డును ప్రజా రవాణా కోసమని చెప్పి వెడల్పు చేసి, ఆ రవాణాను మాత్రం ఇవ్వకుండా వదిలేసిన చోటు ఇది. అది మాకు తీరాల్సిన బాకీ అని అడుగుతున్నాం.

ట్రామ్ రెండు లైన్లకు కావాల్సింది రమారమి ఏడు మీటర్ల వెడల్పు, రెండు బస్సులు పట్టేంత చోటు. స్థల సేకరణ సగం బాధ ఈ రోడ్డు మీద ముందే తీరిపోయింది. మిగతా రెండు దారుల్లో ఈ సౌకర్యం లేదు.

4. బీచ్ రోడ్డు చిక్కులు.

మొదటిది సముద్రం. ఆర్కే బీచ్ దగ్గర కోతకు అడ్డుకట్టగా పోర్టు డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకను తెచ్చి పోస్తూ వస్తున్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ రోడ్డు ఏమైందో, నగరమంతా కరెంటు లేకుండా రోజులు ఎలా గడిచాయో మీలో చాలామంది కళ్లారా చూసినవారే. ఉప్పు గాలిలో పట్టాలు, తీగలు, సిగ్నళ్లు నిలబెట్టడం అసాధ్యం కాదు. కానీ వాటి మరమ్మతు ఖర్చు ప్రతి ఏడూ ఉంటుంది, అది టికెట్ మీదో కార్పొరేషన్ మీదో పడుతుంది. తీర ప్రాంత నియంత్రణ నిబంధనల కింద అనుమతులు రావాలి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి, వాటి చుట్టుపక్కల ఒక్క తట్ట మట్టి కూడా కదపకూడదు.

రెండోది, ఆ రోడ్డును తరచూ మూసేస్తారు. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు, 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి, ఇంకా మారథాన్‌లకు, ఉత్సవాలకు. నగరానికి అవి గర్వకారణమే. కానీ వాటికోసం ఆపేయగలిగే ట్రామ్ మీద ఆధారపడి ఎవరూ ఉద్యోగానికి వెళ్లలేరు.

మూడోదాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పెదజాలరిపేట నుంచి మంగమారిపేట మీదుగా భీమిలి దాకా ఈ రోడ్డు మత్స్యకారుల ఊళ్లను ఆనుకునే పోతుంది. ఇల్లు ఒక పక్క, పడవ ఇంకో పక్క. తెల్లవారుజామున వలలు మోసుకుని రోడ్డు దాటుతారు, చేపల తట్టలతో ఆడవాళ్లు తిరిగొస్తారు. ట్రామ్ లైను చుట్టూ కంచె కడితే వాళ్లు పడవ దగ్గరికి ఎలా వెళ్లాలి? కంచె కట్టకపోతే చీకట్లో ప్రమాదాలకు ఎవరు జవాబు? ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడాలి, వాళ్లు ఒప్పుకోవాలి. అది ఒక్క సంవత్సరంలో తెమిలే పని కాదు. ఈలోపు బీచ్ రోడ్డుకు మంచి ఎలక్ట్రిక్ బస్సులు పెంచితే పర్యాటకులకూ, ఊళ్లవాళ్లకూ ఇద్దరికీ పనికొస్తాయి.

5. అనకాపల్లి దారి.

ఇది న్యాయమైన కోరిక. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కేంద్రమైంది, లంకెలపాలెం, పరవాడ వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టు పనివాళ్లు వేలల్లో ఉన్నారు. కానీ హైవే వెంట భారీ లారీల మధ్య ట్రామ్‌కి చోటు చేయాలంటే జాతీయ రహదారుల సంస్థ అనుమతి కావాలి. మెట్రో స్టీల్ ప్లాంట్ దాకా వచ్చేదాకా అటువైపు ట్రామ్‌కి ఒక కొస గాల్లో ఉన్నట్టే. అందుకే దాన్ని రెండోదిగా పెట్టండి అంటున్నాం, వద్దని కాదు.

6. "రైలు ఉంది కదా" అన్నవారికి.

సింహాచలం, పెందుర్తి స్టేషన్ల మీదుగా రైల్వే లైన్ ఉన్న మాట నిజమే. కానీ అది హౌరా–చెన్నై ప్రధాన మార్గం. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సుల మధ్య పది నిమిషాలకో లోకల్ బండి నడపడం ఆ పట్టాల మీద అయ్యే పని కాదు. పైగా వేపగుంటలోనో సుజాతానగర్‌లోనో ఉండేవాళ్లు స్టేషన్ చేరడానికే మళ్లీ ఆటో ఎక్కాలి.

7. పెందుర్తి దారిలోనే మళ్లీ మూడు దారులు.

మా వాళ్లలోనే దీని మీద వాదనలున్నాయి, దాచాల్సిన పని లేదు. మెయిన్ రోడ్డు మధ్యలోంచి నేరుగా వెళ్లాలనేది ఒకటి. గోపాలపట్నం దాటాక ప్రహ్లాదపురం, గోశాల వైపు తిప్పి సింహాచలం కొండ దిగువన ఒక స్టాప్ పెట్టి వేపగుంటలో కలపాలనేది రెండోది. ఫ్లైఓవర్ మీద వేయాలనేది మూడోది.

సింహాద్రి అప్పన్న మీద భక్తి మాకెవరికీ తక్కువ కాదు. చందనోత్సవానికి, గిరి ప్రదక్షిణకు లక్షల జనం వస్తారు. కానీ ఆ జనం ఏడాదిలో కొన్ని రోజులు వచ్చేవాళ్లు. వాళ్ల కోసం మిగతా రోజులన్నీ పెందుర్తి ప్రయాణికుల్ని చుట్టు తిప్పడం సరికాదు. గిరి ప్రదక్షిణ రోజున ఆ రోడ్లు నడిచేవాళ్లవే కాబట్టి ట్రామ్ అక్కడ ఎలాగూ ఆగిపోతుంది. బీఆర్‌టీఎస్ సింహాచలం కారిడార్ దేవస్థానం భూముల దగ్గర ఏళ్ల తరబడి ఆగిన సంగతీ మర్చిపోకూడదు. గోపాలపట్నం, వేపగుంట స్టాపుల నుంచి కొండ దిగువకు చిన్న బస్సులు తిప్పితే భక్తులకు సరిపోతుంది.

ఫ్లైఓవర్ మీద ట్రామ్ అంటే ఖర్చు పెరిగిపోతుంది. ముసలివాళ్లు మెట్లెక్కాలి. లిఫ్టు ఉంటుందంటారు, ఆ లిఫ్టు ఎన్నాళ్లు పనిచేస్తుందో మాకు తెలుసు. ట్రామ్ గొప్పదనమే నేల మీద ఉండటం, ఇంటి ముందు రోడ్డు మీద ఎక్కి దిగడం. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి చేతి సంచితో ఒక్క అడుగేసి లోపలికి వెళ్లగలగాలి. కాబట్టి మెయిన్ రోడ్డు మధ్యలోంచే, నేల మీదే.

8. విడి దారి లేకపోతే ట్రామ్ వద్దు.

ఈ మాట మేమే అంటున్నాం. దేశంలో ట్రామ్‌లు ఎందుకు పోయాయో చూడండి. మద్రాసులో 1895లో మొదలైన ట్రామ్ 1953లో ఆగిపోయింది, బొంబాయిలో 1964లో. మిగిలిన కలకత్తాలో కార్లు, బస్సులు పట్టాల మీదే నడవడంతో ట్రామ్ నత్తనడకన పడింది. మైదాన్–ఎస్‌ప్లనేడ్ ముక్క తప్ప మిగతాది ఎత్తేస్తామని 2024లో అక్కడి ప్రభుత్వం చెప్పింది. ట్రామ్ పక్కకు తప్పుకోలేదు, ముందు ఒక ఆటో ఆగితే రెండు వందల మంది ఆగిపోతారు. బీఆర్‌టీఎస్‌ను చెడగొట్టింది కూడా ఈ నిర్లక్ష్యమే. పెందుర్తి రోడ్డులో ట్రామ్ దారిలోకి ఇంకో బండి రాకుండా గట్టు, కూడళ్లలో ట్రామ్‌కి ముందు పచ్చ సిగ్నల్ ఉండాలి. అది చేయలేమంటే ఆ డబ్బుతో బస్సులు కొనండి, మేం ఒప్పుకుంటాం.

మా డిమాండ్లు:

1. మూడు దారులనూ పోల్చిన విశ్లేషణను, ప్రయాణికుల లెక్కలతో సహా, తెలుగులో ప్రచురించండి. ఆ లెక్క పాతదైతే పని దినాల్లో, పొద్దునా సాయంత్రమూ స్టాపుల్లో నిలబడినవాళ్లను కలిపి కొత్తగా తీయించండి. సర్వీస్ ఆటోల్లో వెళ్లేవాళ్లను వదిలేస్తే ఆ లెక్క చెల్లదు.

2. ఎన్ఏడీ–పెందుర్తిని ట్రామ్ మొదటి దశగా ప్రకటించండి. కొత్తవలస దాకా పొడిగించే వీలును డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక)లోనే రాయండి.

3. ఎన్ఏడీ మెట్రో స్టేషన్ డిజైన్ ఖరారు చేసేలోపే ట్రామ్ ఆగే చోటు, రెంటి మధ్య ఎండావానా తగలని నడక దారి అందులో చేర్చండి.

4. ట్రామ్‌కి, మెట్రోకి, ఆర్టీసీ సిటీ బస్సుకి ఒకే టికెట్, ఒకే పాస్ పెట్టండి. స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం, విద్యార్థుల పాస్, దివ్యాంగుల రాయితీ ట్రామ్‌కీ వర్తించాలి. ట్రామ్ వచ్చిందని 28కె లాంటి బస్సుల్ని తగ్గించకండి.

5. రోడ్డు మొత్తం ఒకేసారి తవ్వకండి. ముక్కలుగా చేయండి, ప్రతి ముక్కకూ గడువు బోర్డు పెట్టండి. గడువు దాటితే రోడ్డు పక్క చిన్న షాపులకు, తోపుడు బండ్లవారికి నెలనెలా పరిహారం ఇవ్వండి. సర్వీస్ ఆటో నడిపేవాళ్లకు స్టాపుల నుంచి లోపలి కాలనీలకు తిరిగే రూట్లు కేటాయించండి. వాళ్ల పొట్ట కొట్టి మాకు ట్రామ్ అక్కర్లేదు.

6. బీచ్ దారి మీద ఏ నిర్ణయానికైనా ముందు పెదజాలరిపేట నుంచి భీమిలి దాకా ప్రతి మత్స్యకార గ్రామంలో సభ పెట్టి వాళ్ల మాట రికార్డు చేయండి.

7. గోపాలపట్నంలో ఒకటి, పెందుర్తిలో ఒకటి బహిరంగ సమావేశాలు పెట్టండి. ఆఫీసు టైములో కాదు, ఆదివారం. మ్యాపులు గోడకు అంటించి, జవాబు చెప్పగల ఇంజనీరు వచ్చి కూర్చోవాలి.

ఈ లేఖ అందిన నెల రోజుల్లోపు మొదటి, మూడో డిమాండ్ల మీద రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ విశ్లేషణ కాపీ కోసం దరఖాస్తు పెడతాం. ఈ లేఖను సంతకాలతో సహా ప్రతి వార్డు కార్పొరేటర్‌కూ ఇచ్చి కౌన్సిల్‌లో చర్చకు పెట్టమని అడుగుతాం. ప్రయాణికులను లెక్కించే పనికి మనుషులు చాలకపోతే మా కాలనీల కుర్రాళ్లు, రిటైరైన టీచర్లు సిద్ధంగా ఉన్నారు. ఏ రోజు ఏ స్టాప్‌లో నిలబడాలో చెప్పండి, వస్తారు.

ఇట్లు,
గోపాలపట్నం, వేపగుంట, చినముషిడివాడ, సుజాతానగర్, పెందుర్తి ప్రయాణికుల తరఫున
వేపగుంట నివాసి ఒకరు